గంగాళం ఎక్కని దుప్పటి

కాలువలకి నీళ్ళు వదిలారన్న కబురు చెవిన పడితే చాలు, పెడనలో ఇమాంబీ కాళ్ళు నేలమీద నిలవవు. అద్దకం పని చేసుకునే ఇళ్ళవాళ్ళందరికీ అది సంబరమే. వేసవిలో కాలువ కట్టేసినన్నాళ్ళూ అచ్చులు వేసిన దుప్పట్లు మూటల్లో మూలుగుతుంటాయి మరి. పారే నీటిలో ఉతికితే తప్ప వాటికి ముందు గతి లేదు. కానీ ఆ సంబరంలో కూడా మొదటి మనిషి ఇమాంబీయే. కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాలి లోతుకు దిగిపోయి, ఇంకా టీలు తాగుతున్నారా, ఈలోగా నీళ్ళన్నీ సముద్రంలో కలుస్తాయి రండి అని గట్టుమీదివాళ్ళని కేకేస్తుంది.

ఆవిడ పుట్టిల్లు దివిసీమలో నాగాయలంక. చదివింది ఐదో తరగతి. ఆ పైన బడికి పంపకపోవడం మేష్టార్లమీద జాలితోనే అని తమ్ముడు చాంద్ ఇప్పటికీ అంటాడు. అన్ని ప్రశ్నలు వేసేదట. పెళ్ళయి పెడన వచ్చిన వారానికే అత్తగారు కాలువలోకి దింపింది. ఎందుకు ఉతకాలి, బోరు నీళ్ళు పనికిరావా, ఉతక్కుండా ఉడికిస్తే ఏమవుతుంది అని కొత్తకోడలు అడుగుతూనే ఉంది, అత్తగారు చెబుతూనే ఉంది. పక్కింటి ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని నిలబడి వినేవారు. అలా అడిగి అడిగి పనంతా చేతికి తెచ్చుకుంది.

ఆ పని తీరే వేరు. తెల్లగుడ్డని కరక్కాయ పొడి కలిపిన పాలల్లో ముంచి ఎండేస్తే పచ్చగా తిరుగుతుంది. దానిమీద నల్లగీత ఒక అచ్చుతో వేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేస్తారు. పటిక వేసినచోట చూస్తే ఏమీ ఉండదు, ఏదో తడి ఆరిన మరకలా కనీకనపడకుండా ఉంటుంది. ఆ గుడ్డని కాలువలో జాడించి, అదనంగా ఉన్న పటికనీ జిగురునీ వదిలించాలి. అప్పుడు ఎరుపునిచ్చే చెక్కా, ఆకూ వేసి మరుగుతున్న రాగి గంగాళంలో వేసి ఉడికిస్తే, అంతవరకూ కంటికి ఆనని చోటల్లా పువ్వులై, చిలకలై ఎరుపు లేస్తుంది. ఉతక్కుండా గంగాళంలో వేశారో, ఎరుపు పాకి గుడ్డంతా మసిగుడ్డ అవుతుంది. అందుకే ముందు కాలువ, తరువాత గంగాళం. ఆ ఇంట్లో పిల్లలు అఆల కంటే ముందు నేర్చుకునే పాఠం ఇది.

ఇమాంబీ భర్త మీరా సాహెబ్ అచ్చు వేసే మనిషి. ఆవిడకి ఎన్ని మాటలో ఆయనకి అంత మౌనం. బల్ల దగ్గర నిలబడి అచ్చు పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు, మళ్ళీ జరుగుతాడు, మళ్ళీ గుద్దుతాడు. ఆ చప్పుడు వినపడుతున్నంతసేపూ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టు లెక్క. ఆయన చేతులు ఎప్పుడూ కరక్కాయ పచ్చే. పెళ్ళిలో నలుగు పెట్టి రుద్దినా వదలని పచ్చ.

ఆ ఏడు వేసవిలో ఆయనకి దురద మొదలైంది. పటిక పడటం లేదనుకున్నారు. అన్నం సహించలేదు, ఎండదెబ్బ అనుకున్నారు. మొహం పచ్చబడింది, దాన్ని గురించి మాత్రం ఎవరూ ఏమీ అనుకోలేదు. పచ్చటి గుడ్డలు వేలాడే పచ్చటి షెడ్డులో పచ్చటి మనిషి తిరుగుతుంటే వింత ఏముంది? గుడ్డ పాలల్లోంచి తీయగానే ఎన్ని కరక్కాయలు తక్కువయ్యాయో చెప్పగల ఇమాంబీ, పక్కన మంచంమీద మనిషి రంగు మాత్రం పట్టలేకపోయింది. ఇంకో ఊళ్ళో, ఇంకో పని చేసుకునే ఇంట్లో అయితే పొరుగావిడైనా కనిపెట్టేది. పెడనలో పొరుగావిడ చేతులూ పచ్చే.

కనిపెట్టింది కూతురు నీలోఫర్. గుడివాడలో కాపురం. అమ్మానాన్నల దుప్పట్లని ఫోన్‌లో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టి అమ్మి పెడుతుంటుంది. కాలువకి నీళ్ళొచ్చిన వారంలో వచ్చి, తండ్రిని దుప్పటి పట్టుకుని ఎండలో నిలబడమంది. ఫొటో తీసి, పెద్దది చేసి చూసి, ఫోన్ పక్కన పెట్టేసింది. దగ్గరికి వెళ్ళి ఆయన కనురెప్ప కిందికి లాగింది.

"చేతికైతే కరక్కాయ అంటింది నాన్నా. కంటికి అచ్చు ఎవరేశారు?"

ఇమాంబీ చేతిలో తడిదుప్పటి కింద పడిపోయింది.

కబురందుకుని ఆ సాయంత్రానికే చాంద్ తన రొయ్యల చెరువులు వదిలి, అవనిగడ్డ దాటి బండిమీద దిగాడు, కూల్‌డ్రింక్ సీసా నిండా ఏదో పసరుతో. వాళ్ళ వైపు ఒక పెద్దాయన కామెర్లకి పోస్తాడట, మూడు పూటలు తాగితే చాలట, ఉప్పూ నూనె మానేయాలట. బావ నోరు తెరవకముందే గ్లాసులో వంచేశాడు. మీరా సాహెబ్ మొహమాటానికి ఒక గ్లాసు తాగేశాడు కూడా. రెండో గ్లాసుకి నీలోఫర్ అడ్డం పడింది.

"నీ చెరువులో రొయ్య ఒకటి తిరగబడితే నీళ్ళు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కి పరిగెడతావు మావయ్యా. మా నాన్న రొయ్యపాటి చెయ్యడా?"

చాంద్ సీసాకి మూత బిగించాడు. మర్నాడు బందరు తీసుకెళ్ళింది అతనే.

బందరులో డాక్టర్ సుచిత్ర పడుచు పిల్ల. వాళ్ళ అమ్మ అన్నమ్మ ఏటా క్రిస్మస్‌కి ఇమాంబీ దగ్గరే దుప్పట్లు కొంటుంది, ఆ చనువు ఉంది. మూత్రం ఏ రంగు, దొడ్డికి ఏ రంగు అని సుచిత్ర అడిగితే మీరా సాహెబ్ సిగ్గుపడి గోడకేసి చూశాడు. ఇమాంబీ ఆయన్ని గిల్లి చెప్పించింది. మూత్రం డికాక్షన్ లాగా, రెండోది సున్నం లాగా అని తేలింది. ఇన్నాళ్ళూ తనకి చెప్పనందుకు ఆవిడ అక్కడే ఒకసారి కసురుకుంది. స్కానింగ్ అయ్యాక సుచిత్ర కాగితంమీద బొమ్మ గీసింది. లివర్లో తయారయ్యే పైత్యరసం సన్నటి నాళంలోంచి పేగులోకి దిగాలి. దిగే మూతి దగ్గర చిన్న గడ్డ లేచి అడ్డం పడింది. రసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తోంది. ఆ పచ్చ, ఆ దురద, అన్నీ దానివే.

"అది మంచి గడ్డో చెడ్డ గడ్డో తీసి చూస్తే గాని తెలియదు పిన్నిగారూ. ఏదైనా తీసేయాల్సిందే. ఆలస్యమైతే చెయ్యి దాటిపోతుంది," అని బెజవాడలో పెద్ద ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

రైల్లో బయలుదేరారు. గుడివాడలో నీలోఫర్ క్యారియర్‌తో ఎక్కేసరికి తండ్రి గజగజ వణికిపోతున్నాడు. నడినెత్తిన ఎండ, పెట్టెలో జనం చెమటలు కక్కుతుంటే ఆయనకి పళ్ళు కటకటలాడే చలి. ఇమాంబీ సంచిలోంచి రెండు దుప్పట్లు తీసి కప్పి, పైన తన చెయ్యి వేసి కూర్చుంది. ఆ దారంతా ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగలేదంటే నీలోఫర్‌కి అంతకంటే భయం ఇంకేం కావాలి?

ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ని చూడగానే ఇమాంబీకి నోరు తిరిగి వచ్చింది. ఈ రోజే కోసి తీసేయమంది. ఆయన ఓపికగల మనిషి. ఇప్పుడే కొయ్యకూడదన్నాడు. పచ్చదనం మరీ ఎక్కువగా ఉంది, నిలవున్న రసంలో చీము పట్టి చలిజ్వరం వచ్చింది. ఈ స్థితిలో కోస్తే రక్తం త్వరగా గడ్డకట్టదు, కుట్టు మానదు. ముందు నోట్లోంచి కెమెరా గొట్టం పంపించి, మూసుకుపోయిన చోట ఒక చిన్న గొట్టం ఉంచి, రసం కిందికి దిగేలా చేస్తాం. కొన్ని వారాలకి లివర్ తేరుకుంటుంది. అప్పుడు ఆపరేషన్.

"అందరికీ ఇంతేనా బాబూ, రెండుసార్లు?"

"కాదమ్మా. పచ్చదనం తక్కువగా ఉండి, జ్వరం లేకపోతే నేరుగా ఆపరేషన్‌కే వెళ్తాం. గొట్టంతో కూడా కొందరికి ఇబ్బందులొస్తాయి, అందుకే అందరికీ వెయ్యం. ఈయనకి తప్పదు."

ఇమాంబీ మొహం ఉన్నట్టుండి విచ్చుకుంది.

"అయితే గంగాళానికి ముందు కాలువన్నమాట."

డాక్టరు నీలోఫర్ వైపు చూశాడు. నీలోఫర్ నవ్వాపుకుంటూ, అమ్మకి అర్థమైందండీ అంది. బయట హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, ఇమాంబీ దుప్పట్ల భాషలో లివర్ పాఠం చెప్పేసింది. కొల్లేరు వైపు నుంచి వచ్చిన ఒకాయన తన స్కానింగ్ కవరు కూడా ఆవిడ చేతిలో పెట్టాడు, ఇదేమిటో చూడమ్మా అని.

గొట్టం వేశారు. మర్నాటికి జ్వరం దిగింది. కొద్దిరోజుల్లో ఇంటికి పంపారు.

ఇక ఆ రోజులు చూడాలి. తెల్లారగానే ఇమాంబీ మొగుణ్ణి చెయ్యి పట్టి వాకిట్లో ఎండలోకి లాక్కొచ్చేది. రెప్ప కిందికి లాగి చూసేది. నిన్నటి కంటే ఒక జాడింపు తగ్గిందని ఒకరోజు, కరక్కాయ పోయి పాలు మిగిలాయని ఇంకోరోజు ప్రకటించేది. వీధిలో ఆడవాళ్ళు చీపుర్లు ఆపి వచ్చి తామూ చూసేవారు. మీరా సాహెబ్ ఎద్దులా నిలబడి చూపించుకునేవాడు. దురద పోయింది, కంటికి కునుకొచ్చింది. ఒక పూట బొమ్మిడాయిల పులుసుతో ఇంకాస్త అన్నం కావాలని కంచం చాపితే ఇమాంబీ వంటింట్లోకి వెళ్ళి ఆనందం పట్టలేక గరిటతో గిన్నె మీద వాయించింది. కళ్ళు తెల్లగా వచ్చేశాయి. షెడ్డులో అచ్చు చప్పుడు మళ్ళీ మొదలైంది. ధప్. ధప్. అబ్బ, ఆ చప్పుడు.

చిక్కు అక్కడే వచ్చింది.

ఆపరేషన్ రోజు దగ్గర పడుతుంటే మీరా సాహెబ్ బల్లమీద కొత్త తాను పరిచాడు. ఎప్పుడు బయలుదేరాలి అని ఇమాంబీ అడిగితే, ఎక్కడికి అన్నాడు. పోయిన జబ్బుకి కోత ఎందుకన్నాడు. ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది, కళ్ళు మల్లెపూలలా ఉన్నాయని నువ్వే కదా వీధంతా చాటావన్నాడు. అదీ నిజమే, చాటింది ఆవిడే. చాంద్ వచ్చి అగ్గికి ఆజ్యం పోశాడు. బావకి తగ్గింది గొట్టంతో కాదట, ఆ రోజు తాగిన ఒక్క గ్లాసు పసరుతోనట. నాగాయలంకలో నలుగురికి చెప్పాడు కూడా.

గడ్డ లోపలే ఉందని నీలోఫర్ ఫోన్‌లో ఏడ్చింది. గొట్టం ఎల్లకాలం ఉండేది కాదు, మూసుకుపోతుంది, గడ్డేమో పెరుగుతుంది, ఇప్పుడు తేరుకున్నది ఆపరేషన్ తట్టుకోవడానికే అని సుచిత్ర బందరు నుంచి నచ్చజెప్పింది. ఆయన "అలాగేనండి, తప్పకుండానండి" అని ఫోన్ పెట్టేసి మళ్ళీ అచ్చు అందుకున్నాడు. మాట్లాడేవాళ్ళతో నెగ్గవచ్చు గాని, మాట్లాడనివాళ్ళతో నెగ్గడం ఎవరి వల్లా కాదు. ఇమాంబీకి ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి మాటలు అయిపోయాయి.

చాంద్ ఆ రోజు పెడన వచ్చింది ఒక దుప్పటి కోసం. చెరువుల్లో తన భాగస్వామి కొండలరావు కూతురి పెళ్ళికి కానుకట, ఎర్రపూల పెద్ద దుప్పటి కావాలట. ఇమాంబీ లోపలికి వెళ్ళింది. ఒక దుప్పటి తెచ్చి, చక్కగా మడతపెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కూడా తొడిగి, షెడ్డులో అందరూ చూస్తుండగా తమ్ముడి చేతిలో పెట్టింది.

అచ్చు చప్పుడు ఆగిపోయింది. మీరా సాహెబ్ బల్ల వదిలి వచ్చి కవరు లాగి దుప్పటి విప్పాడు. నల్లగీతలు ఉన్నాయి. వాటి మధ్య పువ్వులుండాల్సినచోట వెలిసిన మరకలు తప్ప ఏమీ లేవు.

"ఇది ఉడకలేదు," అన్నాడు.

"ఉతికాను కదా," అంది ఇమాంబీ.

"ఉతికితే?"

"పచ్చంతా వదిలిపోయింది. చూడండి ఎంత శుభ్రంగా ఉందో. ఇంకేం కావాలి?"

మీరా సాహెబ్‌కి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం ఆ షెడ్డులో వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు. కూలికి వచ్చి అచ్చులు కడుగుతున్న సాయిదుర్గ అచ్చు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"శుభ్రంగా ఉంటే అయిపోయినట్టా? ఉతికింది ఎందుకు, గంగాళం ఎక్కించడానికి కాదూ? లోపలున్నది లోపలే ఉంది. పట్టుమని వాన పడితే ఇదేమవుతుందో తెలియదూ నీకు? సగం పనిని నా గడప దాటిస్తావా?"

"మరి సగం పనిని నేను గడపలో పెట్టుకు కూర్చోనా?"

ఆ మాట ఆవిడ మెల్లగానే అంది. ఆయన చేతిలో దుప్పటి, ఆవిడ కళ్ళు ఆయన పొట్టమీద. చాంద్ ముందు అక్కవైపు చూశాడు, తరువాత బావవైపు చూశాడు, చివరికి తన చెప్పులవైపు చూసుకున్నాడు. మంట మీద గంగాళం బుడబుడమంటోంది.

మీరా సాహెబ్ దుప్పటిని అంచుకి అంచు కలిపి మడత పెట్టాడు. పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. వచ్చి ఆవిడ పక్కన అరుగుమీద కూర్చున్నాడు.

"భయమేస్తోందే," అన్నాడు.

"నాకూ వేస్తోంది. అక్కడికెళ్ళి ఇద్దరం కలిసి భయపడదాం."

మీరా సాహెబ్ తడిచేతులు లుంగీకి తుడుచుకుని, "రైలు ఎన్నింటికి?" అని అడిగాడు.

చాంద్ లేచి, రైలెందుకు బావా కారు తెస్తాను అన్నాడు. పసరు సీసా తేకుండా రా అంది ఇమాంబీ.

ఆపరేషన్ ఆ రోజంతా పట్టింది. ఇమాంబీ ఆ ఉడకని దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది. మొదట కాసేపు దువా చదువుకుంది. తరువాత పక్కావిడ ఏ ఊరో, ఏ జబ్బో, కోడలు ఎలా చూస్తుందో అన్నీ కనుక్కుంది. ఆ పక్కావిడా కనుక్కుంది. సాయంత్రానికి ఆ వరసలో కూర్చున్నవాళ్ళంతా చుట్టాలైపోయారు. తలుపు తెరుచుకుని డాక్టరు బయటికి రాగానే మీరా సాహెబ్ కోసం లేచి నిలబడినవాళ్ళు బోలెడుమంది. ఆయన మాస్కు దించి, గడ్డ మొత్తం వచ్చేసిందమ్మా, ఇంత పెద్ద ఆపరేషన్‌కీ ఆయన లివర్ తట్టుకుని నిలబడింది అన్నాడు. నీలోఫర్ తల్లిని కావలించుకుంది. చాంద్ అందరికీ టీలు తేవడానికి పరిగెత్తి, టీలు లేకుండానే తిరిగొచ్చి, మళ్ళీ పరిగెత్తాడు.

గొట్టాల మధ్య పడుకున్న మీరా సాహెబ్ మర్నాడు కళ్ళు తెరిచి, పెదాలు కదిలించాడు. నీళ్ళు అడుగుతున్నాడేమోనని ఇమాంబీ వంగి చెవి పెట్టింది.

"ఆ దుప్పటి ఉడికించావా?"

"లేదు. మీరు ఇంటికొస్తే గాని మంట పెట్టను," అంది ఆవిడ. దాన్ని ఎత్తి చూపించింది కూడా. నర్సు గంగాదేవి వచ్చి ఆ గుడ్డ లోపలికి ఎవరు తెచ్చారని కోప్పడింది. ఇమాంబీ ఆవిడకి పటిక సంగతి మొదలుపెట్టేసరికి నవ్వుతూ బయటికి పంపేసింది.

గడ్డ చెడ్డదే గాని లోపల ఏమీ మిగల్లేదని పరీక్షలో తేలింది. ఇంటికి తెచ్చిన తరువాత చాలా రోజులు చెంచాలతో జావ తాగించడంతోనే సరిపోయింది. మనిషి సగమయ్యాడు. చొక్కా వంకీకి తగిలించినట్టు వేలాడేది. కానీ ఒక ఉదయం తనంతట తాను గుమ్మం దాకా నడిచి వచ్చి, మంట పెట్టమన్నాడు.

వీధి వీధంతా వచ్చింది. చాంద్‌ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు, పొగకి కళ్ళు నలుపుకుంటూ పుల్లలు ఎగదోస్తున్నాడు. మీరా సాహెబ్ దిండు వేసిన కుర్చీలో కూర్చున్నాడు. ఇమాంబీ దుప్పటి గంగాళంలో వేసి కర్రతో తిప్పుతోంది. మొదట ఏమీ లేదు. ఆవిరి, చెక్క వాసన. తరువాత కర్ర ఎత్తినప్పుడల్లా గుడ్డలో ఎక్కడో గులాబి నీడ. తిప్పింది, ఎత్తింది. ఒక రేకు. ఇంకో రేకు. తీగ. దాని కొసన చిలక ముక్కు. చూస్తుండగానే మొత్తం తోట లేచి నిలబడింది, ఎర్రగా, నీళ్ళు కారుతూ. చూసేవాళ్ళంతా పుట్టినప్పటినుంచీ ఆ ఎరుపు చూస్తున్నవాళ్ళే. అయినా ఆ రోజు ఒకరి భుజాలు ఒకరు తోసుకుంటూ చూశారు. ఇమాంబీ కర్రమీద దుప్పటి ఎత్తి పట్టుకుని, దాన్ని చూడకుండా కుర్చీలో మనిషి కళ్ళలోకి చూసింది. తెల్లగా ఉన్నాయి. తడిగా కూడా ఉన్నాయి, పొగవల్ల అన్నాడాయన.

చాంద్ చేతులు దులుపుకుని లేచాడు. కొండలరావు కూతురి పెళ్ళి ఎప్పుడో అయిపోయిందట, ఇక పిల్లకి మొదటి పండక్కి ఇస్తాడట.

"ఇప్పుడు పట్టుకెళ్ళొచ్చా బావా?"

మీరా సాహెబ్ తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా కాలువ ఉందిరా. ఉడికాక మళ్ళీ ఉతకాలి, ఎండెయ్యాలి, మళ్ళీ చూసుకోవాలి. నన్ను కూడా మళ్ళీ మళ్ళీ వచ్చి చూపించుకోమన్నారు కదా."

ఆ మాట పూర్తయ్యేలోపే ఇమాంబీ వేడి దుప్పటిని కర్రమీద వేసుకుని, కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ గట్టు దిగుతోంది. కాలువ నిండుగా పారుతోంది. నీళ్ళలోకి దిగి వెనక్కి తిరిగి, అక్కడ నిలబడి ఏం చూస్తున్నారు, ఒక కొస పట్టుకోండి అని అందరినీ కేకేసింది.